గోనెసంచి మీద పుర్రె బొమ్మ



రేడియోలో మాట వినిపించగలం గాని బొమ్మ చూపించలేము. అయినా ఇవాళ బొమ్మలను గురించే నాలుగు మాటలు చెప్పదలచాను. పురుగుమందు డబ్బా మీద ఒక ముద్ర ఉంటుంది. విత్తనాల సంచికి ఒక రంగు చీటీ ఉంటుంది. మందు పట్టించిన విత్తనానికి ఏదో ఒక రంగు పూసి ఉంటుంది. చదువు వచ్చినవారైనా రానివారైనా కంటితో చూచి, విషయం తెలుసుకుని, గుర్తు పెట్టుకుంటారని చేసిన ఏర్పాటు ఇది. మంచి ఏర్పాటే. అయితే కన్ను చూచినది మనసులో ఎంతకాలం నిలుస్తుంది? నిలిచేది బొమ్మ ఒక్కటేనా, దాని అర్థం కూడా నిలుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు ఒక దేశపు రైతులు ప్రాణాలిచ్చి చెప్పవలసి వచ్చింది. ముందుగా ఆ సంగతి వినండి.

ఇరాకు దేశంలో వర్షాభావం వల్ల పంటలు దెబ్బతిన్నవి. తినడానికి గింజ లేదు, చల్లడానికి విత్తనం లేదు. అప్పుడు అక్కడి ప్రభుత్వం మెక్సికో నుంచి అధిక దిగుబడినిచ్చే గోధుమ విత్తనం తెప్పించింది. దానితోపాటు బార్లీ కూడా వచ్చింది. మన దేశానికి కూడా 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం వచ్చిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. ఇరాకుకు వచ్చినది అంతకన్న చాలా ఎక్కువ. గోధుమలు, బార్లీ కలిపి సుమారు 95,000 టన్నులు. 1971 శరదృతువులో ఓడలు బస్రా రేవులో దిగినవి.

ఆ విత్తనానికి బూజు తెగులు పట్టకుండా పాదరసంతో కూడిన మందు పట్టించినారు. మిథైల్ పాదరసం అంటారు దానిని. భూమిలో చల్లే విత్తనానికి పనికివచ్చే మందే గాని, మనిషి కడుపులోకి పోతే నరాలను, మెదడును తినివేస్తుంది. కనుక తినే గింజలతో కలిసిపోకుండా విత్తనాలకు ఎరుపు రంగు పూసినారు. సంచుల మీద హెచ్చరికలు అచ్చు వేసినారు. పుర్రె, దాని కింద రెండు ఎముకలు ఉన్న బొమ్మ కూడా వేసినారు. చేయవలసినదంతా చేశామని పంపినవారు అనుకుని ఉంటారు.

కాని ఆ హెచ్చరికలు స్పానిష్ భాషలోను, ఇంగ్లీషులోను ఉన్నవి. ఇరాకు పల్లెల్లో మాట్లాడేది అరబ్బీ, కుర్దు భాషలు. పుర్రె, ఎముకలు చూస్తే విషమని అర్థం చేసుకునే అలవాటు ఆ పల్లెల వారికి లేదు. పైగా విత్తనం ఆలస్యంగా చేరింది. చాలాచోట్ల విత్తుకునే అదను దాటిపోయింది. ఇంటినిండా గింజలు, చల్లడానికి లేదు, వండుకోవడానికి వేరే గింజ లేదు. ఆకలి రుచి ఎరుగదని మన సామెత. ఆకలి లేబిలును కూడా ఎరుగదు.

ఇప్పుడు అసలు సంగతి జాగ్రత్తగా వినండి. ఆ రైతులు ఏమీ ఆలోచించకుండా తినలేదు. గింజలు ఎర్రగా ఉన్నవి గదా, ఏదో ఉన్నది అని అనుమానించినారు. అందుచేత వాటిని నీళ్ళలో కడిగినారు. ఎర్రరంగు నీళ్ళలో దిగిపోయింది. గింజ మామూలు గోధుమగింజలాగే కనబడింది. విషం పోయిందనుకున్నారు. కాని పోయినది రంగు. పాదరసం గింజలోనే ఉన్నది. కొందరు ఇంకా జాగ్రత్త పడి, ముందు కోళ్ళకు వేసి కొన్ని రోజులు చూచినారు. కోళ్ళు చక్కగానే తిరుగుతున్నవి. ఈ విషం వెంటనే బయటపడదు, వారాల తరబడి లోపల దాగి ఉంటుందన్న సంగతి వారికెవరూ చెప్పలేదు. అప్పుడు పిండి విసిరించి రొట్టెలు చేసుకున్నారు.

1971 డిసెంబరు చివరి నుంచి ఆసుపత్రులకు జనం రావడం మొదలుపెట్టినారు. కాళ్ళు చేతులు తిమ్మిరి, నడక తూలిపోవడం, మాట ముద్దగా రావడం, చూపు సన్నగిల్లడం, చివరకు గుడ్డితనం. ఆసుపత్రుల్లో చేరినవారు 6,530 మంది. ఆసుపత్రుల్లోనే చనిపోయినవారు 459 మంది. ఇంటి దగ్గర పోయినవారు ఈ లెక్కలో లేరు. ఇదే ఇరాకులో మందు పట్టించిన విత్తనం తిని 1956లోను, 1960లోను కూడా జనం జబ్బు పడినారు. ఒకసారి జరిగినది మరొకసారి, ఆపైన ఇంకొకసారి జరిగిందన్నమాట.

దీనిని విన్నవారు సాధారణంగా అనే మాట ఒకటున్నది: “పాపం, చదువులేక మోసపోయినారు.” ఆ మాట సరికాదు. వారు ఎరుపును చూచినారు, దానిని లెక్కలోకి తీసుకున్నారు. కడిగినారంటేనే తెలియడం లేదా? వారి చూపులో లోపం లేదు, జ్ఞాపకంలో లోపం లేదు. రంగు అనేది విషం ఉన్నదని తెలిపే గుర్తు మాత్రమే, రంగే విషం కాదు అనే ఒక్క వాక్యం వారి భాషలో వారికి అందలేదు. బొమ్మ చేరింది, అర్థం చేరలేదు.

ఇక శాస్త్రజ్ఞులు ఏమన్నారో చూద్దాము. బొమ్మలకూ జ్ఞాపకశక్తికీ గల సంబంధాన్ని గురించి వారు చాలా పరీక్షలు చేసినారు.

1967లో అమెరికాలో రోజర్ షెపర్డ్ అనే శాస్త్రజ్ఞుడు కొందరికి 612 బొమ్మలను ఒకటొకటిగా చూపించినాడు. ఆ తర్వాత వాటిలో ఒక బొమ్మను, వారెన్నడూ చూడని మరొక బొమ్మను పక్కపక్కన పెట్టి, ఏది ముందు చూచినారో చెప్పమన్నాడు. నూటికి 97 దాకా సరిగా చెప్పినారు. ఇదే పరీక్ష మాటలతో చేస్తే నూటికి 88 మాత్రమే వచ్చినవి. 1973లో కెనడాలో లయొనెల్ స్టాండింగ్ అనే ఆయన ఏకంగా 10,000 బొమ్మలు చూపించి పరీక్ష చేశాడు. అంత రాశిలో కూడా నూటికి 83 గుర్తుపట్టినారు. కనుక కంటితో చూచినది మనసులో బాగా నాటుతుందన్న మాట నిజమే.

అయితే షెపర్డ్ పరీక్షలో మరొక భాగమున్నది. మనవంటివారికి అదే ముఖ్యం. చూచిన వారం రోజులకు మళ్ళీ అడిగితే నూటికి 87 వచ్చినవి. నాలుగు నెలల తర్వాత అడిగితే 58కి పడిపోయింది. రెంటిలో ఒకటి చెప్పమన్నప్పుడు కళ్ళు మూసుకుని చెప్పినా 50 సరిపోతవి గదా! అంటే నాలుగు నెలలకు ఆ బొమ్మలు దాదాపుగా చెరిగిపోయినట్లే. ఒక పంట కోసి మళ్ళీ అదే పంట వేసేటప్పటికి అంతకన్న ఎక్కువ కాలమే పడుతుంది. నిరుడు ఖరీఫ్‌లో ఒక్కసారి చూపించిన బొమ్మ ఈ ఖరీఫ్ నాటికి మీ మనసులో ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

పోనీ, రోజూ చూస్తూ ఉంటే నిలుస్తుందా? దానికీ పరీక్ష జరిగింది. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు అమెరికావారిని వారి పెన్నీ నాణెం చూడకుండా గీయమన్నారు. పుట్టినది మొదలు చేతుల్లో తిరిగే నాణెం అది. దాని రెండు వైపులా కలిపి ముఖ్యమైన వివరాలు ఎనిమిది ఉంటే, ఎక్కువమంది సరిగా గీయగలిగినవి మూడు మాత్రమే. ఎందుకంటే నాణెం వాడుకోవడానికి దాని మీద బొమ్మ ఎటు తిరిగి ఉన్నదో తెలియనక్కరలేదు. అవసరం లేనిదానిని మనసు దాచుకోదు. మందు డబ్బా కూడా అంతే. మూత తిప్పడమే పనైన చేతికి, మూత కింద ముద్రను కన్ను వెయ్యిసార్లు చూచినా ఉపయోగం లేదు.

మూడో పరీక్ష ఇంకా విచిత్రమైనది. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే శాస్త్రజ్ఞులు కొందరికి తలాతోకా తెలియని ఒక చిన్న కథ చదివి వినిపించినారు. ఒక బొమ్మ చూస్తే ఆ కథ ఇట్టే అర్థమవుతుంది. బొమ్మ చూడకుండా విన్నవారు కథలోని 14 అంశాల్లో సుమారు నాలుగు చెప్పగలిగినారు. కథను రెండుసార్లు విన్నవారికీ సుమారు నాలుగే గుర్తున్నవి. కథ విన్న తర్వాత బొమ్మ చూచినవారి సంగతీ అంతే. కాని బొమ్మను ముందు చూచి, ఆ తర్వాత కథ విన్నవారు ఎనిమిది చెప్పినారు! చూచారా? అదే బొమ్మ, అదే కథ. ముందు చూపితే రెండింతలు నిలిచింది. వెనుక చూపితే దండగ అయింది. మళ్ళీ మళ్ళీ చెప్పడం వల్ల కూడా పెద్దగా లాభం కలగలేదు. ముందు చూపి, ఆపైన చెప్పిన మాటకే మనసులో చోటు దొరికింది.

విస్తరణ శాఖలోని సోదరులకు ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. శిక్షణ తరగతుల్లో ఒక లెక్క తరచుగా చెబుతూ ఉంటారు: చదివినదానిలో నూటికి 10 పాళ్ళు, విన్నదానిలో 20, చూచినదానిలో 30, విని చూచినదానిలో 50, స్వయంగా చేసినదానిలో 90 పాళ్ళు గుర్తుంటుందని. ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ ఆచార్యుడు కనిపెట్టినాడని కూడా అంటారు. డేల్ 1946లో ఒక పుస్తకం రాసి, అందులో శంకువు ఆకారంలో ఒక పటం వేసిన మాట నిజమే. కాని ఆ పటంలో ఈ అంకెలు లేనే లేవు. ఇటువంటి అంకెలు 1967లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయినవి. వాటి వెనుక ఏ పరీక్ష ఉన్నదో అక్కడ చూపించలేదు. తర్వాత ఎవరో డేల్ పటానికి వాటిని తగిలించినారు. మనిషి జ్ఞాపకం అలా పదేసి చొప్పున మెట్లు కట్టి ఉండదు. ఈ లెక్కను నమ్మినందువల్ల వచ్చే నష్టమేమిటంటే, “బొమ్మ చూపించాము, సగం పని అయిపోయింది” అనే ధీమా ఏర్పడుతుంది. ఇరాకుకు విత్తనం పంపినవారి ధీమా కూడా అటువంటిదే.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. 1958లో కేరళలో ఘోరం జరిగింది. ఓడలో పారథయాన్ అనే పురుగుమందునూ, తినే గోధుమపిండినీ ఒకచోటే వేసి తెచ్చినారు. మందు కారి పిండికి అంటింది. ఆ పిండి తిని నూరుమందికి పైగా చనిపోయినారు. ఆ తర్వాత జరిగిన విచారణలు, ఆలోచనల ఫలితంగా 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చినవి. డబ్బా మీద మనం చూచే ముద్ర ఆ నియమాలు పెట్టినదే.

పేకముక్కల్లో డైమను గుర్తు చూచారు గదా, ఆ ఆకారంలో మూల మీద నిలబెట్టిన చదరం. అడ్డంగా రెండు ముక్కోణాలు చేసినారు. కింది ముక్కోణంలో రంగు, పై ముక్కోణంలో మాట. కింద ఎరుపు ఉంటే అతి తీవ్రమైన విషం. పైన పుర్రె బొమ్మ, విషం అనే మాట రెండూ ఉంటవి. పసుపు ఉంటే తీవ్రమైన విషం. పైన విషం అనే మాట ఉంటుంది. నీలం ఉంటే ఒక మోస్తరు విషం. పైన ప్రమాదం అని ఉంటుంది. ఆకుపచ్చ ఉంటే తక్కువ విషం; జాగ్రత్త అని ఉంటుంది. ఎలుకల మీద పరీక్ష చేసి, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు మందు నోట్లో పడితే సగం ఎలుకలు చచ్చేటంత తీవ్రతను ఎరుపుకు కేటాయించినారు.

ఏర్పాటు చక్కగా ఉన్నది. కాని మన కంటితో ఒకసారి చూడండి. ఎరుపు మనకు కుంకుమ. పసుపు మనకు శుభకార్యం. గడపకు పూసేది పసుపే. ఆకుపచ్చ మనకు పైరు, చలువ. పుట్టినది మొదలు ఈ రంగులకు మన మనసులో ఉన్న అర్థాలు అవి. డబ్బా మీద అవే రంగులు మరొక మాట చెబుతున్నవి. ఆకుపచ్చ ముక్కోణం చూచి “ఇది చేటు చేయనిది” అనుకుంటే పొరపాటు. అది తక్కువ విషమే గాని విషం కాకపోలేదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. విత్తనాల సంచికి కట్టే చీటీల రంగులు చూడండి. బ్రీడరు విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, సర్టిఫైడు విత్తనానికి నీలం. విత్తనం చీటీ నీలంగా ఉంటే నమ్మి కొనవచ్చునని అర్థం. మందు డబ్బా మీద నీలం ఉంటే ప్రమాదమని అర్థం. ఒకే దుకాణంలో, ఒకే బల్ల మీద, ఒకే రంగు రెండు భాషలు మాట్లాడుతున్నది. కనుక “నీలం మంచిది” అని ఒక ముక్కలో నేర్పితే ఏదో ఒకనాడు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇతర దేశాల్లోనూ ఇంతే. చేతొడుగులు, ముఖానికి తొడుగు, తాళం వేసిన అలమర వంటి చిన్న చిన్న బొమ్మలను 1988లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, మందుల కంపెనీల సంఘం కలిసి తయారుచేసినవి. దక్షిణాఫ్రికాలో 115 మంది వ్యవసాయ కూలీలను ఆ బొమ్మలకు అర్థమేమిటని అడిగితే సగం మంది తప్పుగానో, తారుమారుగానో చెప్పినట్లు 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. బొమ్మకు భాష అక్కరలేదంటారు గాని, బొమ్మ కూడా ఒక భాషే. అక్షరాలు నేర్చుకున్నట్లే దానినీ నేర్చుకోవాలి.

మరి బొమ్మను ఎలా నేర్పాలి? ఆ విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. తెలంగాణంలో పటం కథలు చెప్పేవారున్నారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వరుసగా బొమ్మలు వేసి ఇస్తారు. కథకులు ఆ పటం కట్టి, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ కథ చెబుతారు, పాట పాడుతారు. పటం ఒక్కటే గోడకు తగిలించి వెళ్ళిపోయే కథకుడు ఎక్కడా లేడు. కంటికి బొమ్మ, చెవికి మాట ఒకే క్షణంలో అందుతవి. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలు మరొక ఉదాహరణ. అప్పటికి దేశంలో నూటికి 18 మందికే చదువు వచ్చు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. కాడెద్దుల గుర్తు ఎవరిదో, కంకి కొడవలి ఎవరిదో చదువురానివారికి కూడా తెలిసింది. గోడ మీద బొమ్మ చూచినంత మాత్రాన కాదు. గుర్తు చూపుతూ పేరు చెప్పడం, మళ్ళీ మళ్ళీ చెప్పడం, చివరకు తమ చేతితో ఆ పెట్టెలో చీటీ వేయడం - మూడూ కలిసినందువల్ల తెలిసింది.

కనుక గ్రామాల్లో పనిచేసే విస్తరణాధికారులకు నా సలహా ఇది. డబ్బా ముందు చూపండి, తర్వాత ఉపన్యాసం చెప్పండి. ముద్రకు అర్థమేమిటో చెప్పడంతో ఆగకుండా ఏది కాదో కూడా చెప్పండి. మందు పట్టించిన విత్తనం చూపినప్పుడు, “ఈ రంగు కడిగితే పోతుంది, విషం పోదు” అనండి. చివరకు “అర్థమైందా?” అని అడగవద్దు. మర్యాద కోసం అందరూ తల ఊపుతారు. ఒకరి చేతికి డబ్బా ఇచ్చి, “ఈ గుర్తేమిటో మీరు చెప్పండి బాబాయి” అని అడగండి. ఆయన చెప్పినదే మీ పాఠానికి కొలత. మందు జల్లే కాలానికి ముందు ప్రతి పంటకూ ఇంకొకసారి అడగండి. నాలుగు నెలల లెక్క మరువవద్దు.

ఆడవారిని తప్పక పిలవండి. గింజ కడిగేదీ, విసిరేదీ, వండేదీ ఎక్కువ ఇళ్ళల్లో వారే. పొలం దగ్గర మగవారికి చెప్పిన హెచ్చరిక వంటింటిదాకా రాకపోతే ఆ హెచ్చరిక సగం దారిలో ఆగినట్లే.

రైతు సోదరులారా, మీకొక మాట. మందు పట్టించిన విత్తనం మిగిలితే తినే గింజల గాదె పక్కన పెట్టవద్దు. కోళ్ళకు, పశువులకు వేయవద్దు. తినడానికి, మేపడానికి, నూనె తీయడానికి వాడరాదని అటువంటి సంచి మీద హెచ్చరిక ఉండాలని 1968 విత్తనాల నియమాలే చెబుతున్నవి. మందును వేరే సీసాలోకి వంచవద్దు. సీసా ఆకారం కూడా ఒక బొమ్మే గదా! సోడాసీసా చూస్తే పిల్లవాడి మనసుకు జ్ఞాపకం వచ్చేది తీపి, చల్లదనం. నిజమైన గుర్తు డబ్బా మీద ఉండిపోయి, అబద్ధపు గుర్తు పిల్లవాడి చేతికి వస్తుంది.

ఈ రాత్రి అన్నం తినే ముందు ఒక పని చేయండి. మీ కొట్టంలో ఉన్న మందు డబ్బా ముద్ర కింది ముక్కోణం ఏ రంగో, పైన ఏ మాట ఉన్నదో చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. తర్వాత వెళ్ళి చూడండి. చెప్పలేకపోతే నామోషీ ఏమీ లేదు. ఇంటిల్లిపాదినీ పిలిచి, దూరంగా ఉంచి చూపుతూ, ఆ రంగుకు అర్థం మీ నోటితో మీరే చెప్పండి. తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోండి.